ఒంటి రాయి

మార్టూరులో గ్రానైటు పలకలకు పాలిషు పెట్టే షెడ్డులో పనివాడు నన్నడిగిన మొదటి మాట, "జంట రాయా అండీ, ఒంటి రాయా?" అని.

సమాధి రాయి కోసం వెళ్ళాను. సంఘంలో నేను కాస్త పుస్తకాలు చదివేవాణ్ణని, అక్షరాల్లో తప్పులు పోకుండా చూసుకుంటానని పాస్టరు గారు నన్ను పంపారు. ఈమధ్య మావైపు క్రైస్తవుల సమాధులకు భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకే వెడల్పాటి పలక వేయించడం అలవాటైంది. ముందు పోయినవాళ్ళ పేరు ఒక పక్క చెక్కించి, రెండో పక్క నున్నగా వదిలేస్తారు. పనివాడు కొలత కోసమే అడిగాడు. కోత మిషను కింద నుంచి రాతిపొడి కలిసిన నీళ్ళు తెల్లగా పారుతున్నాయి. వాటిని చూస్తూ "ఒంటిదే" అన్నాను.

"పాపం, పెళ్ళి కాలేదా?"

అయింది అన్నాను. కాలేదన్నా తప్పు లేదు. మా సంఘం ఆమెను చాలాకాలం ఆ రెండు మాటల మధ్యే నిలబెట్టింది.

ఊళ్ళో అందరికీ ఆమె రొట్టెల మామ్మ. నాకు వరసకు పెద్దమ్మ. నేను ఆమెకు లైబ్రరీని. అద్దంకి శాఖా గ్రంథాలయం నుంచి సైకిలుకు సంచీ తగిలించుకుని పుస్తకాలు తెచ్చుకోవడం చూసి పెట్టిన పేరు అది. "ఏరా లైబ్రరీ, ఇయ్యాల ఏం మోసుకొచ్చావు? మా ఇంట్లో ఇద్దరం వేలిముద్రలమే. నువ్వే చదివి చెప్పు" అనేది. భర్త పోయి ఎన్నో ఏళ్ళయినా ఇద్దరం అనే అనేది. నేను చదివింది పదో తరగతి. జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పని. కానీ ఆ గ్రంథాలయంలో మతం, తత్వం అని రాసి ఉన్న బీరువాలో నేను తెరవని పుస్తకం లేదని గట్టిగా చెప్పగలను. వేదాంత వ్యాఖ్యానాలు, సంఘ చరిత్రలు, చెదలు తిన్న ప్రసంగాల సంపుటాలు, అన్నీ వరసపెట్టి చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. దానివల్ల ఆమెకు ఒరిగిందేమిటన్నది వేరే సంగతి.

ఆమెను తలుచుకుంటే ముందు చేతులే గుర్తొస్తాయి. మాది నల్లరేగడి నేల, పత్తి, మిరప. చలి వెనక్కి తగ్గేసరికి పల్లెలో ఆడవాళ్ళందరి చేతులూ మండుతూ ఉంటాయి. ముందు మిరపకోతలు, ఆ తర్వాత కల్లాల్లో కూర్చుని తొడిమలు తీయడం. ఆ మంట సబ్బుకు పోదు, నీళ్ళకు పోదు. ఆమె కూడా అందరితోపాటే పనికి పోయేది. అయితే మాకు నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ఏసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ పులియని రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం తీసుకుంటాం. ఆ రొట్టె కాల్చేది ఆమె. అందుకని ఆ వారంలో గురువారం నుంచే మిరప పని మానేసేది. మేస్త్రీ మనిషిని పంపినా కదిలేది కాదు. అరుగు మీద కూర్చుని చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి ఉంచేది. తీసి ఆముదం రాసేది. సున్నిపిండితో రుద్ది మళ్ళీ ముంచేది. శనివారం పొద్దున తడివేలు కంటి కొసకు ఆనించుకునేది. కన్ను మండకపోతే అప్పుడు పిండి కలిపేది.

కంటికి ఆనించి చూసుకోవడం మొదట్లో లేదు. అది ఎట్లా వచ్చిందో చెప్పాలి.

ఒక ఏడాది కోతల కాలంలో బల్ల ఆదివారానికి ముందు శుక్రవారం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. కల్లాల నిండా ఆరబోసిన కాయ. రైతులు, కూలీలు, ఆడా మగా అందరూ పరుగెత్తి కాయను పోగులు పెట్టి పట్టాలు కప్పారు. ఆమె కూడా పోయింది, పోకుండా ఉండే మనిషి కాదు. మర్నాడు ఎప్పటిలాగే గోధుమపిండి కలిపి, ఉప్పు లేకుండా, నూనె లేకుండా పెనం మీద రొట్టెలు కాల్చి, విరవడానికి వీలుగా కత్తి మొనతో గళ్ళు గీసి, తెల్లగుడ్డలో చుట్టి చర్చికి పంపింది. ఆదివారం పాస్టరు గారు రొట్టె విరిచి పంచారు. కాసేపటికి సంఘమంతా కళ్ళ నీళ్ళు. ముక్కులు చీదడం, దగ్గడం. అప్పటి పాస్టరు గారు పెద్దాయన, చూపు సరిగ్గా ఆనదు. సంఘం పాపాలు ఒప్పుకుని ఏడుస్తోందని సంతోషపడి ఇంకో కీర్తన ఎత్తించారు. ఆ కీర్తన అయ్యేదాకా పిల్లలు మంచినీళ్ళ కుండ వైపు చూస్తూ కూర్చున్నారు.

బయటికొచ్చాక ఎవరో, "ఏం మామ్మా, ఈ నెల పచ్చడి కూడా కలిపావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. చిన్న ముక్క నోట్లో వేసుకుని ఉంటే శనివారమే తెలిసిపోయేది కదా అని నాకనిపించింది. సాయంత్రం వెళ్ళి అదే అడిగాను. రుచి చూడలేదా అని.

"నేను తినకూడదు గదరా."

"ప్రార్థన అయ్యాక కదా పెద్దమ్మా అది ప్రభువు రొట్టె. అంతకుముందు పిండే కదా."

"మీకు పిండి" అంది. గళ్ళు గీసేటప్పుడు రాలిన పొడిని కూడా ఆమె నోట్లో వేసుకోదని, కోళ్ళకు వేయదని, దొడ్లో గుంట తీసి పూడ్చిపెడుతుందని అప్పుడే తెలిసింది. నాలుకతో చూడకూడదు కాబట్టి, ఆ తర్వాతి బల్ల నుంచి వేలు కంటికి ఆనించి చూసుకోవడం మొదలుపెట్టింది.

ఆమెకు బల్ల లేదని మాత్రం అందరికీ తెలుసు. బల్ల సమయం రాగానే ఆమె చాప మీద నుంచి లేచి బయటికి వెళ్ళిపోయేది. వెళ్ళమని ఎవరూ అనరు, మౌనంగా కూర్చుంటే చాలు. ఆమె కూర్చోదు. లోపల పళ్ళెం తిరుగుతున్నంతసేపూ వరండాలో చెల్లాచెదురుగా పడి ఉన్న చెప్పులన్నీ ఏరి జతలు కలిపేది. ఎవరివి ఏవో ఆమెకు తెలుసు. అరిగిన హవాయి చెప్పుకు అరిగిన హవాయి చెప్పే కలిపి, మొగుడి జత పక్కన పెళ్ళాం జత, వాటి ముందు పిల్లల జతలు పెట్టేది. మేం బయటికి వచ్చేసరికి ఇంటింటి చెప్పులు ఇంటింటివాళ్ళలా నిలబడి ఉండేవి.

వెనక కథ మా అమ్మ చెబితే తెలిసింది. ఆమె భర్తకు మొదట వేరే పెళ్ళయింది. ఆ పిల్ల కాపరానికి వచ్చిన కొన్నాళ్ళకే పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. విడాకుల సంగతి అప్పట్లో మా పల్లెలో ఎవరికీ తెలియదు. కులపెద్దలు కూర్చుని, ఇక ఆ పిల్ల రాదని తేల్చి, ఈమెను ఆయనకు ఇచ్చి చేశారు. దండలు మార్చారు, భోజనాలు పెట్టారు. సంఘం ఒప్పుకోలేదు. మొదటి భార్య బతికి ఉండగా ఇది కాపురం కాదు, పాపం అన్నారు. ఇద్దరినీ బల్ల నుంచి ఆపేశారు. ఆయన రోషగాడు. ఆ రోజు చర్చి మెట్లు దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఆమె మాత్రం ఏ ఆదివారమూ మానలేదు. తర్వాత పాస్టరమ్మ గారికి జబ్బు చేసి రొట్టె కాల్చేవాళ్ళు లేకపోతే, వాళ్ళింట్లో పనికి సాయం వెళ్ళే ఈమె ఆ పని అందుకుంది. బల్ల లేని మనిషి రొట్టె చేయవచ్చా అని ఒకరిద్దరు గొణిగారు. పిండి కలపడానికి అడ్డేముంది, తినడానికే అడ్డు అని పెద్దలు తీర్పు చెప్పారు. క్రియలకు తలుపు తీసి, కృపకు గడియ పెట్టారు.

ఆయనకు పక్షవాతం వచ్చింది. చాలా ఏళ్ళు మంచం మీదే ఉన్నాడు. ఇప్పుడైనా వేరుపడి తన అన్నగారింటికి వచ్చేస్తే బల్ల ఇస్తామని పెద్దలు కబురు చేశారు. ఆయన్ని ఎవరు చూస్తారు, మీరా అని అడిగిందట. కబురు తెచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు. ఆయన పోయినప్పుడు సమాధుల దొడ్డిలో చోటివ్వలేదు. బల్ల ఆపిన శిక్షలో ఉండగా పోయినవాళ్ళను, ప్రాణాలు తీసుకున్నవాళ్ళను కంచెకు అవతల బండ్లు పోయే డొంక పక్కన పెట్టడం మా సంఘం కట్టుబాటు. తుమ్మచెట్టు కింద ఆయన్ని అట్లా పెట్టారు. ఇక అడ్డం లేదు కాబట్టి, సంఘం ముందు నిలబడి ఆ కాపురం పాపమని ఒక్క మాట ఒప్పుకుంటే బల్లకు చేర్చుకుంటామన్నారు. ఆమె లేచి నిలబడిందట.

"ఆయనకి అన్నం వండిపెట్టాను. ఒళ్ళు తుడిచాను. అందులో యాడ తప్పు చేశానో చెప్పండి, అది ఒప్పుకుంటా" అని కూర్చుంది. అంతటితో ఆ సంగతి ముగిసింది. ఆ వచ్చే బల్లకు రొట్టె ఎప్పటిలాగే అందింది.

కారం రొట్టె సంగతి జరిగిన రోజుల్లో నేను విశ్వాసం, క్రియలు, ధర్మశాస్త్రం అనే మూడింటి మీద దొరికినదల్లా చదువుతున్నాను. ఒక అపొస్తలుడు మనిషి దేవుడి ముందు నీతిమంతుడయ్యేది నమ్మకం వల్లేనని, ధర్మశాస్త్రం పాటించినందువల్ల కాదని వాదిస్తాడు. ఇంకొకాయన క్రియలు లేని నమ్మకంలో ప్రాణం లేదంటాడు. ఈ రెండు మాటలకూ పొత్తు కుదర్చడానికి పండితులు తరతరాలుగా తంటాలు పడ్డారు. నాకు అందినంతలో, విశ్వాసం మొక్కకు వేరు, క్రియ దాని కాయ. కాయ కాసి వేరును సంపాదించుకున్న మొక్క ఎక్కడా లేదు. వేరు బతికి ఉంటే కాయ దానంతటదే వస్తుంది. ఇక ధర్మశాస్త్రం మా మిల్లు కాటా వంటిది. బస్తా ఎంత తక్కువ తూగిందో నిజం చెబుతుంది. తగ్గిన పత్తిని అది తెచ్చి పెట్టలేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను. చేతులు మజ్జిగలో ఉంచుకుని శ్రద్ధగా వింది.

"మరి తక్కువ తూగినోడి సంగతి ఏంది?"

"అందుకే కృప. నమ్మితే చాలు."

"నేను నమ్మలేదని ఎవరన్నారు?"

"అయితే వాళ్ళు అడిగిన ఆ ఒక్క మాట అనేసెయ్ పెద్దమ్మా. దేవుడికి తెలియదా నీ మనసు? లోపలికి తీసుకుంటారు."

"నన్ను తీసుకుంటారు. ఆయన్నో?"

ఆమె చేతులు గిన్నెలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. "ఆయన బయట ఉన్నాడు గదరా. నేనెళ్ళి లోపల కూచుంటే ఆయనొక్కడే అయిపోతాడు."

కంచె మనుషులు వేసింది, దేవుడి దగ్గర లోపల ఏదో బయట ఏదో ఎవరికి తెలుసు అన్నాను. అది కూడా ఎక్కడో చదివిన మాటే.

"తెలవదుగా?"

"తెలియదు."

"తెలవనప్పుడు పక్కనుంటే పోద్దిలే" అంది. ఇంకోసారి ఆ మాట ఎత్తబోతే, "నాకు నచ్చజెప్పమాక. నీ పుస్తకం గడువు దాటిపోద్ది, పో" అని తరిమింది.

ధర్మశాస్త్రాన్ని నమ్ముకున్నవాళ్ళ గురించి, పుణ్యకార్యాలు చేసి పరలోకం కొనుక్కోవాలనుకున్నవాళ్ళ గురించి, నమ్మకం చాలని ఊరికే కూర్చున్నవాళ్ళ గురించి నేను చదివిన పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి. నిండా నమ్మకముండీ, తన మనిషికి దొరకని కృప తనకూ వద్దని పక్కకు జరిగి నిలబడినవాళ్ళ గురించి ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. ఆమె చేసింది ఒప్పని కూడా నేను అనలేను. దేవుడి భోజనం కంటే మనిషి తోడును ఎక్కువ చేసుకుందేమోనని నాకు ఇప్పటికీ భయమే. ఆమెకు కూడా ఆ భయం ఉండేదనుకుంటాను. బల్ల ఆదివారం సాయంత్రాలు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

పెద్ద పాస్టరు గారి తర్వాత గుంటూరు నుంచి కొత్త పాస్టరు గారు వచ్చారు. చదువుకున్నాయన, మెత్తటి మనిషి. ఆమె సంగతి విని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. పెద్దలను ఒప్పించి, ఆమెను బల్ల నుంచి ఆపిన ఆజ్ఞ తీసేస్తున్నామని, ఒప్పుకోలు కూడా అక్కర్లేదని సంఘం ముందు చెప్పారు. ఆ ఆదివారం మేమంతా మెడలు తిప్పి వెనక్కి చూశాం. ఆమె మామూలుగా లేచి చెప్పుల దగ్గరికి పోయింది. పాస్టరు గారు పళ్ళెం పట్టుకుని తనే గుమ్మం దాకా వెళ్ళారు. ఆమె పళ్ళెం అంచు ముట్టుకుని ఆ వేళ్ళు కళ్ళకు అద్దుకుంది.

"ఆయన్ని కూడా విడిపించండి అయ్యగారూ. అప్పుడు తింటా."

చనిపోయినవాళ్ళ సంగతి మన చేతుల్లో లేదమ్మా అన్నారాయన. మా బోధ ప్రకారం అది నిజమే. పోయినవాళ్ళ కోసం మేం ప్రార్థన కూడా చేయం.

"అయితే నా సంగతీ ఆడే ఉండనీండి" అంది. చేతిలో ఒక పిల్లాడి చెప్పు ఉంది. దాని జత కోసం వెతుక్కోవడంలో పడింది.

తర్వాత దగ్గు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పీల్చిన కారపు ఘాటు లోపల కూర్చుందన్నారు ఒంగోలు డాక్టర్లు. పిండి పిసికే బలం పోయాక, బల్లకు గుంటూరు నుంచి తెల్లటి బిళ్ళల పాకెట్లు తెప్పించడం మొదలుపెట్టారు. నాలుక మీద పెట్టగానే కరిగిపోతాయి. ఒకటి తెచ్చి చూపించమంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, "పలచగా ఉంది" అని తిరిగి ఇచ్చేసింది.

మంచం పట్టిన ఆ రోజుల్లోనే నాకూ, పాస్టరు గారి భార్యకూ కలిపి చెప్పింది. తనను డొంక పక్కన, ఆయన పక్కన పెట్టమని. బతిమాలలేదు. రేపు పొద్దున బస్సు ఎక్కించండి అన్నట్టు చెప్పింది.

ఆమె పోయిన రోజు పెద్దలు చర్చి వరండాలో కూర్చున్నారు. ఇన్నేళ్ళు ప్రభువు బల్లకు రొట్టె పెట్టిన మనిషిని కంచె అవతల పెట్టడమా అన్నారు పాస్టరు గారు. ఇప్పుడు కూడా బయటే పెడితే ఆ పాత తీర్పు సరైనదేనని మనం సంతకం చేసినట్టే అన్నారు. అందరూ తలలూపారు. చాలామంది ఏడుస్తున్నారు. ఆమె కోరిక నేను చెప్పాను. పాస్టరు గారి భార్య కూడా అవునంది. పెద్దల్లో ఒకాయన, నాకు బాబాయి వరస, నా వైపు తిరిగాడు.

"ధర్మశాస్త్రం కాదు, కృప, కృప అని మా చెవులు ఊదరగొట్టింది నువ్వే గదరా. తీరా ఇయ్యాల కృప చూపిద్దామంటే, అవతలికి మోయమంటావేంది?"

అయితే కంచె జరపండి, ఆయన్ని కూడా లోపలికి తీసుకోండి అన్నాను. ఎవరూ కోప్పడలేదు. ఆయనకోసం జరిపితే డొంక పక్క ఉన్న అందరికోసమూ జరపాలి, ఎవరు ఏ స్థితిలో పోయారో మనకు తెలుసా, తీర్పు తీర్చడానికి మనమెవరం అని నెమ్మదిగా చెప్పారు. కంచె వేసిన రోజున ఎవరూ అడగని ప్రశ్న అది. పాస్టరు గారు తల దించుకున్నారు. ఆమె అన్నగారు ఎప్పుడో పోయారు, ఆమె తరఫున మాట్లాడటానికి రక్తసంబంధం ఇంకెవరూ లేరు.

గంట కొట్టారు. పెట్టెను చర్చి లోపలికి తెచ్చి, బల్ల ముందు, ఆమె ఎప్పుడూ నిలబడని చోట ఉంచారు. అద్దంకి నుంచి, ఒంగోలు నుంచి పాస్టర్లు వచ్చి ఆమె విశ్వాసం గురించి మాట్లాడారు, క్రియల గురించి మాట్లాడారు. అన్నీ మంచి మాటలే, నిజమైన మాటలే. ఆమెను సమాధుల దొడ్డి మొదటి వరసలో, మొట్టమొదటి పాస్టరు గారి పక్కన పెట్టారు. అంతకు మించిన గౌరవం మా దగ్గర లేదు. ఆ రోజు చర్చి వరండాలో చెప్పులు గుట్టగా పడిపోయాయి. వెళ్ళేటప్పుడు జనం వంగి వంగి చాలాసేపు వెతుక్కున్నారు. కొందరు వేరేవాళ్ళవి వేసుకుపోయారు.

మార్టూరు నుంచి రాయి ట్రాలీ ఆటోలో వచ్చింది. పేరు, దాని కింద ప్రభువునందు నిద్రించెనన్న మాట. తప్పులు లేవు. మా దొడ్డిలో రాళ్ళన్నీ తూర్పు ముఖంగా, గేటు వైపు ఉంటాయి, వచ్చేవాళ్ళు చదువుకోవడానికి. సిమెంటు కలిపిన మేస్త్రీని దీన్ని పడమటికి తిప్పి నిలబెట్టమన్నాను. బాబాయి అక్కడే ఉన్నాడు. "ఇదేందిరా, వెనక్కి పెట్టిస్తన్నావు?" అన్నాడు. పర్లేదులే బాబాయ్ అన్నాను. బాబాయి రాయిని చూశాడు, కంచె అవతల తుమ్మచెట్టును చూశాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

సిమెంటు ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. అక్షరాలు కంచె వైపుకు ఉన్నాయి. తుమ్మచెట్టు కింద నుంచి చూస్తే ఎండలో బాగానే కనిపిస్తాయి. ఆయనకు చదవడం రాదు.